ఐదో నంబరు పట్టీ

తెల్లచొక్కా ఈసారి ద్రాక్షపళ్ళు తెచ్చాడు.

మొదటిసారి వచ్చినప్పుడు దానిమ్మకాయలు తెచ్చాడు. కుడిచేతికి నాలుగు వేళ్ళు లేని మనిషికి దానిమ్మకాయలు! వాటిని ఒలవడానికి టైలరమ్మకు ఒక సాయంత్రమంతా పట్టింది. ఒలిచిన గింజలకన్నా మింగిన తిట్లే ఎక్కువ. రెండోసారి బత్తాయిలు. మూడోసారి ఆపిల్ పళ్ళు, వాటిమీద కొసరుగా ఒక చాకు. ఇప్పుడు ద్రాక్ష. ఒలిచే పని లేదు, కోసే పని లేదు, ఎడమచేత్తో ఒక్కొక్కటే తుంచుకుని నోట్లో వేసుకోవచ్చు. ఫరవాలేదు, మనిషి నేర్చుకుంటున్నాడు అనుకుంది టైలరమ్మ. ఇంకో రెండుసార్లు వస్తే రసం తీసి, సీసాలో పోసి, పాలపీక తగిలించి మరీ తెస్తాడు.

ఆయన బట్టలుతికే కంపెనీకి యజమాని. ఊళ్ళోని ఆసుపత్రుల దుప్పట్లూ హోటళ్ళ బొంతలూ ఆయన షెడ్డుకే వస్తాయి. పుట్టి బుద్ధెరిగాక తెల్లచొక్కా తప్ప వేరేది తొడిగి ఎరగడు. "మన పనికి నేనే బోర్డు" అంటాడు. ఆ చొక్కా మీద మరక ఉండగా చూసినవాళ్ళు లేరు. పడాల్సిన మరక పక్కవాడి మీద పడేలా చూసుకోవడం కూడా ఒక విద్యే.

"అయ్యో, మీరెందుకు బాబూ ఇంత శ్రమ..." అంటూ టైలరమ్మ అత్తగారు కుర్చీని తువ్వాలుతో తుడిచింది. అది అప్పటికే శుభ్రంగా ఉంది. తెల్లచొక్కా దాన్ని తన రుమాలుతో మరోసారి తుడిచి, రుమాలు తిరగేసి మడిచి, అప్పుడు కూర్చున్నాడు.

"తమ్ముడు ఎలా ఉన్నాడు?"

తమ్ముడు ఎదురుగా మంచం మీదే ఉన్నాడు. కానీ ఆయన ఎప్పుడూ అతన్ని అడగడు. గోడ గడియారాన్ని అడిగినట్టు అడుగుతాడు. అతని వైపు చూస్తే గుడ్డ చుట్టిన ఆ చెయ్యి కూడా కనబడుతుంది కదా మరి.

"బానే ఉన్నానన్నా" అన్నాడు టైలరమ్మ భర్త, లేచి నిలబడబోతూ. పదిహేడేళ్ళ అలవాటు, చెయ్యి పోయినా పోలేదు. ఆ 'అన్నా' వినేసరికి ఆమెకు పులితేన్పు వచ్చినట్టయింది. కుట్టుమిషను మీద ఉన్న చొక్కా గుండీ పనిలో పడి, తల దించుకుంది.

ఐదు నెలల కిందటి సంగతి. ఆ షెడ్డులో ఆరు ఇస్త్రీ యంత్రాలున్నాయి. ఒక్కోదానికి మంచమంత పొడుగు రోలర్లు, వాటి లోపల ఆవిరి. తడి దుప్పటి అంచు అందిస్తే అవతలివైపు నుంచి కాగితంలా వచ్చి పడుతుంది. రోలరు ముందు అడ్డంగా ఒక సేఫ్టీ కడ్డీ ఉంటుంది. పొరపాటున వేలు తగిలిందా, కడ్డీ వెనక్కి వాలి యంత్రం ఠక్కున ఆగిపోతుంది. చిక్కల్లా ఏమిటంటే, ఆ కడ్డీకి వేలికీ బొంతకీ తేడా తెలీదు. బొంత అంచున లావుపాటి కుట్టు తగిలినా ఆగిపోతుంది. ఆగినదాన్ని మళ్ళీ కదిలించడానికి ఐదారు నిమిషాలు. అందుకని ఆ కడ్డీలన్నిటినీ కదలకుండా కట్టేశారు. కాపలాకుక్కని కట్టేసి, దాని మూతిని కూడా కట్టేస్తే దొంగకి ఇంకేం కావాలి? ఒక మధ్యాహ్నం అతని కుడిచెయ్యి బొంతతో పాటు లోపలికి వెళ్ళింది. నలగడమూ కాలడమూ ఒకేసారి అయిపోయాయి. డాక్టర్లు బొటనవేలునీ సగం అరచేతినీ మిగిల్చగలిగారు.

పనిలో దెబ్బ తగిలితే యజమాని తరఫు బీమావాళ్ళు ఆసుపత్రి ఖర్చు పెట్టుకుని, చేతికి ఇంతని కట్టి ఇచ్చేస్తారు. అది పుచ్చుకున్నాక యజమాని మీద దావా వేయడానికి లేదు, అక్కడి చట్టం అది. ఆ యంత్రం చేసిన కంపెనీ మీద మాత్రం వేయొచ్చు. వీళ్ళ తరఫు వకీలమ్మ అదే వేసింది. ఒక్క గుడ్డముక్కతో నోరు నొక్కేయగలిగినదాన్ని రక్షణ అని ఎలా అమ్మారని ఆమె వాదన. కంపెనీవాళ్ళు ఊరుకుంటారా? "మా కడ్డీ మేలిమి బంగారం. దాన్ని కట్టించింది యజమాని. మేం ఇవ్వాల్సి వస్తే అందులో ఆయన వాటా ఆయన కక్కాల్సిందే" అని తెల్లచొక్కాని కూడా కేసులోకి ఈడ్చారు. వీధితలుపు గడియ పెట్టి నిశ్చింతగా పడుకున్నవాడికి పెరటితలుపు చప్పుడైంది.

పళ్ళు రావడం ఆ వారమే మొదలైంది. అంతకుముందు నాలుగు నెలల్లో ఆయన వచ్చింది ఒకే ఒక్కసారి, ఆసుపత్రికి. గదిలోకి రాకుండా గుమ్మంలోనే నిలబడి, ముక్కుకు రుమాలు అడ్డం పెట్టుకుని, "ధైర్యంగా ఉండు తమ్ముడూ" అని ఆ రుమాలుకి చెప్పి వెళ్ళిపోయాడు.

ఇవాళ పళ్ళబుట్టతో పాటు ఒక కాగితం కూడా వచ్చింది.

"చిన్న ఫార్మాలిటీ తమ్ముడూ. ఇక్కడ ఒక సంతకం పడితే అందరికీ ప్రశాంతం" అన్నాడు తెల్లచొక్కా, కాగితాన్ని మంచం మీద పెడుతూ.

టైలరమ్మ మిషను దగ్గర్నుంచి లేచి వచ్చి దాన్ని తీసుకుంది. పైకే చదివింది.

"'సేఫ్టీ కడ్డీని నా సౌకర్యం కోసం, యాజమాన్యానికి తెలియకుండా, నేనే కట్టుకున్నాను. జరిగినదానికి పూర్తి బాధ్యత నాదే.'" ఆగి, తెల్లచొక్కా వైపు చూసింది. "ఏం సౌకర్యమండీ? వేళ్ళు బరువెక్కి, కాస్త దించుకుందామనుకున్నాడా?"

"చెల్లెమ్మ భలే మాట్లాడుతుంది!" అని నవ్వాడాయన. ఆ నవ్వు కూడా గంజి పెట్టినట్టే ఉంది. "నాకు తెలియకుండానే జరిగింది కదమ్మా. నేను ఆఫీసు గదిలో ఉంటాను. షెడ్డులో ఎవడేం కట్టాడో నాకేం తెలుస్తుంది?"

"ఇది రాసిస్తే మా కేసు ఏమవుతుంది?"

"కేసుదేముంది! నువ్వూ నేనూ ముసలైపోతాం, వకీళ్ళ పిల్లలు పెద్ద చదువులు చదువుకుంటారు. అంతే జరిగేది. నా మాట విను. గేటు దగ్గర తమ్ముడికి కుర్చీ వేయిస్తాను. జీవితాంతం. నీడపట్టున కూర్చుని వచ్చే బళ్ళూ పోయే బళ్ళూ చూసుకోవడమే. ఒంటిచేత్తో చేసే పని."

"అమ్మాయ్, అంత పెద్దమనిషి ఇంటికొచ్చి అడుగుతుంటే..." అత్తగారు గొంతు తగ్గించింది. తగ్గించినా వీధి చివరిదాకా వినబడే గొంతు అది. "అన్నం పెట్టిన ఇంటికి సున్నం పెట్టకూడదు."

"పెట్టింది కాదత్తయ్యా. మీ అబ్బాయి పదిహేడేళ్ళు చేసిన చాకిరీకి ఇచ్చిన కూలి." ఆమె భర్త వైపు తిరిగింది. "మీరేమంటారు?"

అతను చాపవైపు చూస్తూ అన్నాడు. "పెట్టేద్దాం. గొడవ వదిలిపోతుంది."

ఈ మాటకు ఆమె ఒళ్ళు మండిపోయింది. మూడు నెలలుగా పాత క్యాలెండర్ల వెనక ఎడమచేత్తో సంతకం దిద్దుకుంటున్న మనిషి! కోడి గెలికినట్టు వస్తోందని రోజూ విసుక్కుంటూ, రోజూ దిద్దుకుంటూ ఉన్న మనిషి. ఆ తిప్పలన్నీ ఈ కాగితం కోసమా?

అతను ఎడమచేత్తో కలం అందుకోబోయాడు.

"అంత కష్టం ఎందుకు తమ్ముడూ!" తెల్లచొక్కా జేబులోంచి ఒక రేకు డబ్బా తీసి మూత తెరిచాడు. సిరా ప్యాడ్. కొత్తది, ఇంకా కొట్టు వాసన పోలేదు. "వేలిముద్ర చాలు. ఆ చేతికి బొటనవేలు బతికే ఉందిగా."

ఆ వేలు ఒక్కటే మిగిలిందని గుర్తుపెట్టుకుని, దానికి సరిపడా ప్యాడ్ కొనుక్కుని, జేబులో వేసుకుని, దారిలో పళ్ళు బేరమాడి వచ్చాడు ఈ మనిషి.

పది పాసైన భర్త, ఎవరో చెబితే చేసే పసివాడిలా, చేతికి చుట్టుకున్న గుడ్డ విప్పుకున్నాడు. తెల్లచొక్కా తల పక్కకు తిప్పుకుని, చచ్చిన ఎలుకను తోక పట్టి లేపినట్టు రెండు వేళ్ళతో అతని మణికట్టు పట్టి లేపాడు.

"ఆగండి" అంది టైలరమ్మ.

ఆయన వెంటనే వదిలేశాడు. ఆ తొందరలో చెయ్యి మంచంకోడుకు తగిలి అతను పళ్ళు బిగించాడు. తెల్లచొక్కా అది చూడలేదు. రుమాలు తీసి, అతన్ని పట్టుకున్న రెండు వేళ్ళనూ, ఒకదాని తర్వాత ఒకటి, గోళ్ళ సందులతో సహా తుడుచుకునే పనిలో ఉన్నాడు. ముసలావిడ చూసింది. కొడుకు చేతిని చూసింది, ఆ రుమాలును చూసింది.

"ఆ కడ్డీని ఈయన తనంతట తాను కట్టలేదు. అది మీకు తెలుసు, నాకూ తెలుసు" అంది టైలరమ్మ.

"నీకు తెలుసని నాకు తెలుసు చెల్లెమ్మా." ఆయన గొంతు ఏమీ మారలేదు. ఇంకా తియ్యగా అయింది. "అందుకే కదా ఇంత దూరం వచ్చాను." సంచీలోంచి ఇంకో వస్తువు తీసి ఒళ్ళో పెట్టుకున్నాడు. రెండు వేళ్ళ వెడల్పు కాన్వాసు పట్టీ. ఒక కొసన బకిల్. ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ చేసి, నాలుగు మడతలు పెట్టి ఉంది. ఆసుపత్రిలో మనిషికి కూడా అంత మర్యాద దక్కదు.

టైలరమ్మ దాన్ని గుర్తుపట్టింది. తల్లి బిడ్డను గుర్తుపట్టడం అంటారే, అంత వేగంగా. కాకపోతే ఆ బిడ్డ హంతకుడు.

రెండేళ్ళ కిందట భర్త షెడ్డు నుంచి ఒక చీటీ తెచ్చాడు. కడ్డీలు కట్టిన చింకిగుడ్డలు జారిపోతున్నాయట, గట్టి పట్టీలు ఆరు కావాలట. "అసలా కడ్డీ దేనికి?" అని అడిగింది. "వేళ్ళు పడకుండా." "మరి దాన్ని కట్టేస్తే?" "మేం చూసుకుంటాంలే. నువ్వు కుట్టు." ఆమె కుట్టింది. వాడేసిన బట్టల సంచులు కత్తిరించి, రెండుసార్లు కుట్టేసి, గుమ్మానికి తగిలించి లాగి మరీ చూసింది. ఆరు యంత్రాలూ ఒక ఈడువి కావు, ఒక్కోదానికి ఒక్కో పొడవు. ఏది దేనిదో కలిసిపోకుండా మడత లోపల ఎర్రదారంతో గుర్తులు వేసింది. ఒకటోదానికి ఒక కుట్టు, రెండోదానికి రెండు, అలా ఆరోదానికి ఆరు. అంత పొందికైన పని! ఆ వారమంతా తన పనితనానికి తనే మురిసిపోయింది. ఇప్పుడు ఐదు నెలలుగా తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని తిరుగుతోంది. వకీలమ్మకు కూడా చెప్పలేదు. రాత్రిళ్ళు భర్త చేతికి మందు రాస్తున్నప్పుడల్లా ఆ పట్టీ లాగి చూసిన పట్టు అరచేతుల్లో కదిలేది.

"లోపల ఎర్రదారం ఉంది" అంటున్నాడు తెల్లచొక్కా. "వీధిలో ఎవర్నడిగినా చెబుతారు అది ఎవరి గుర్తో. యంత్రం కంపెనీ వకీలు కంట పడిందా, నిన్నూ కేసులో కలుపుతాడు. యంత్రం చేసినవాడు, యంత్రం కొన్నవాడు, పట్టీ కుట్టినావిడ. ముగ్గురం ఒకే బెంచీ మీద కూర్చుందాం."

"నువ్వా?" అత్తగారి గొంతు పీలగా వచ్చింది. "నువ్వు కుట్టావా అమ్మాయ్, అది?"

"అమ్మా, ఊరుకో. తెచ్చిచ్చింది నేనే, కుట్టమన్నది నేనే" అన్నాడు భర్త. తర్వాత భార్యతో, మెల్లగా అన్నాడు. "పోయిన వారం నువ్వు మందులకెళ్ళినప్పుడు అన్న చెప్పాడు ఈ సంగతి. అందుకే సంతకం పెడతానన్నాను. నా చెయ్యి ఎలాగూ పోయింది. నీ పేరెందుకు అందులో?"

అదీ సంగతి. పిరికితనం అనుకుంది ఆమె. కాదు. ఆమె కుట్టిన పట్టీతో ఒకసారి కట్టేసింది చాలక, అదే పట్టీతో మళ్ళీ ఇప్పుడు ఆ మనిషిని కట్టేస్తున్నారు. తన ఇంట్లో, తన కుర్చీలో కూర్చుని. ఆమెకు తెల్లచొక్కా మీద కన్నా ముందు తన మీద తనకే రోత పుట్టింది. ఆ రోత గొంతుదాకా వచ్చాక భయానికి చోటు లేకపోయింది.

"ఇలా ఇవ్వండి" అంది చెయ్యి చాపి. "నాదో కాదో చూడాలి. ఎర్రదారం నాకొక్కదానికే అమ్మరుగా."

ఆయన మారు ఆలోచించకుండా ఇచ్చేశాడు. ఆడది బెదిరింది అనుకున్నాడు కాబోలు. ఆమె కిటికీ దగ్గరకెళ్ళి, కళ్ళజోడు పెట్టుకుని, సూదిమొనతో మడత తెరిచింది. లెక్కపెట్టింది. మళ్ళీ లెక్కపెట్టింది.

"ఇది ఆ రోజుదేనా?"

"ఆ రోజుదే. తమ్ముడి యంత్రానిదే. ఉతికించి భద్రంగా దాచాను. మిగతా ఐదూ మర్నాడే తగలబెట్టించాను" అన్నాడాయన గుండె మీద చెయ్యి వేసుకుని. "మళ్ళీ ఏ తల్లిబిడ్డకీ ఇలా జరగకూడదని."

భర్త నడిపింది మూడో నంబరు. ఆమె వేలికింద ఐదు ఎర్ర కుట్లున్నాయి.

ఐదో నంబరు యంత్రం పక్కింటి వదినది. ఆవిడ డ్యూటీ దిగి వచ్చి పెరట్లో కాళ్ళు కడుక్కుంటున్న చప్పుడు అప్పుడే వినిపిస్తోంది. టైలరమ్మ కిటికీలోంచి తల బయటపెట్టింది.

"వదినా! ఇవాళ నీ మిషను ఎలా నడిచింది?"

"నడిచిందా? నా శ్రాద్ధం నడిచింది!" వదిన గొంతు గోడ దాటి వచ్చింది. "పొద్దున్నే వెళ్ళేసరికి ఎవడో పుణ్యాత్ముడు కడ్డీ పట్టీ ఊడబెరుక్కుపోయాడు. మిగిలినవాళ్ళవి వాళ్ళకున్నాయి, నాదొక్కటే పోయింది. బొంత తగలడం, ఆగడం. బొంత తగలడం, ఆగడం. మధ్యాహ్నం ఒక తాడుముక్క దొరికితే బిగించుకున్నాను. వాడి చేతులు పడిపోనూ! ఎందుకలా అడిగావు?"

"ఏం లేదు వదినా, తర్వాత చెబుతా."

ఆమె తల లోపలికి తీసుకుంది. గుమ్మడికాయ దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు, తెల్లచొక్కా తన చేతులకేసి చూసుకుంటున్నాడు.

"మిగిలినవాళ్ళవి వాళ్ళకున్నాయట" అంది టైలరమ్మ. "తగలబెట్టినా కాలలేదన్నమాట. నా కుట్టు అంత గట్టిదని నాకే తెలీదు." పట్టీని మడిచి, గుండీల డబ్బాలో పెట్టి, మూత నొక్కి, డబ్బాను ఒళ్ళో పెట్టుకుని మిషను ముందు కూర్చుంది.

"అది ఇలా ఇవ్వు."

"చూస్తానన్నాను, చూశాను. నాదే. రేపు వకీలమ్మకి నేనే అప్పజెబుతాను."

"నీ పేరు బయటికొస్తుంది చెల్లెమ్మా. పిచ్చిపని చేయకు."

"రానివ్వండి. మీ పేరుకి తోడుంటుంది." ఆమె గోడ మీది తీగవైపు చెయ్యి చాపింది. దానికి ఏళ్ళ తరబడి కొలతల చీటీలు గుచ్చి ఉన్నాయి. ఎవరి చీటీ పారేయదు. రెండేళ్ళ తర్వాత వచ్చి, చొక్కా బిగువైందని దెబ్బలాడేవాళ్ళకి పెరిగింది పొట్టేనని చూపించడానికి రుజువుండాలి కదా. వేలితో ఒక్కొక్కటే వెనక్కి నెడుతూ పోయి, ఒకదాని దగ్గర ఆగింది. చీటీ నెత్తిన బట్టలుతికే కంపెనీ పేరు, కింద గుండ్రటి చేతిరాత. తీగ మీదనే ఉంచి చదివింది. "'కడ్డీలకు కట్టిన పాతగుడ్డలు జారుతున్నాయి. గట్టి పట్టీలు ఆరు. సోమవారానికి తప్పకుండా.' కింద ఆరు కొలతలు. దాని కింద మీ సంతకం. ఎంత బాగా పెడతారండీ సంతకం! కుడిచేత్తోనే కదా?"

తెల్లచొక్కా లేచాడు. మొదటిసారి ఆయన మంచం మీది మనిషి వైపు నేరుగా చూశాడు. "ఏంటి తమ్ముడూ, ఇంట్లో ఆడది చెప్పిందే వేదమా?"

భర్త విప్పిన గుడ్డను చేతికి మళ్ళీ చుట్టుకుంటున్నాడు. ఎడమచేత్తో, తనంతట తాను. "మా ఆవిడ కుట్టిందని నేను దాచానయ్యా" అన్నాడు. "మీరు కుట్టించారని కూడా దాచాను. రెండోది దాచకుండా ఉండాల్సింది."

'అన్నా' కాస్తా 'అయ్యా' అయింది. అది విని టైలరమ్మ కళ్ళజోడు తీసి తుడుచుకుంది.

తెల్లచొక్కా కాగితం లాక్కున్నాడు, సిరా ప్యాడ్ కూడా లాక్కుని జేబులో కుక్కుకున్నాడు. మూత మంచం మీదే ఉండిపోయింది. ఆయన గుమ్మం చేరేలోగానే జేబు దగ్గర నీలంగా ఒక చుక్క బయల్దేరి, చూస్తుండగా అరచేయంత అయింది. సిరా మరక ఆరకముందే పాలలో నానబెడితే పోతుందని టైలరమ్మకు తెలుసు. చెప్పలేదు.

"బాబూ" అని పిలిచింది అత్తగారు. బుట్ట పట్టుకుని వెనకే వెళ్ళింది. "పళ్ళు తీసుకెళ్ళండి. మావాణ్ణి ముట్టుకున్నాక చేతులు తుడుచుకునేవాళ్ళ పళ్ళు మాకు అరగవు."

ఆ రాత్రి ముసలావిడ కోడలితో మాట్లాడలేదు. కానీ పడుకునేముందు ఆ గుండీల డబ్బాని తీసుకెళ్ళి తన తలగడ కింద పెట్టుకుంది.

వకీలమ్మ పట్టీనీ చీటీనీ చూసి, మొదట చాలాసేపు తిట్టింది, ఐదు నెలలు దాచినందుకు. తర్వాత విడమరిచి చెప్పింది. పనివాడు తనంతట తాను కట్టుకున్నాడన్న మాట ఇక నిలవదు. ఆరు యంత్రాలకి ఆరూ కట్టేయగలిగారంటే ఆ కడ్డీ తయారీలోనే లోపముందని కంపెనీని నిలదీయొచ్చు. కట్టించింది యజమానే కాబట్టి కంపెనీ ఆయన మెడ వదలదు. వాళ్ళిద్దరూ కొట్టుకుని వాటాలు తేల్చుకుంటారు. "మరి నేను?" అని అడిగింది టైలరమ్మ. "మిమ్మల్ని కలిపి వాళ్ళకేం వస్తుందక్కా? పొడిగుడ్డని ఎవరూ పిండరు. కానీ సాక్ష్యం చెప్పాలి. దేనికో తెలుసా అని అడుగుతారు. అబద్ధం చెప్పకూడదు."

ఆ వారమే తనిఖీవాళ్ళు వచ్చి మిగిలిన పట్టీలనీ వదిన కట్టుకున్న తాడుముక్కనీ ఊడదీయించారు. పక్కింటి వదిన నాలుగు రోజులు మాట్లాడలేదు. బొంత తగలడం, ఆగడం. ఐదో రోజు గోడ దగ్గరకొచ్చి, "నిన్న నా చిటికెనవేలు తగిలి ఆగిందే" అని మాత్రం చెప్పి లోపలికి వెళ్ళిపోయింది.

వాంగ్మూలం ఇచ్చేరోజు పొడుగాటి బల్లకు ఒక పక్క వీళ్ళు, ఒక పక్క యంత్రం కంపెనీవాళ్ళు, కొసన తెల్లచొక్కా. చొక్కా కొత్తది. ముందు భర్తను అడిగారు. అయ్యాక గుమాస్తా అలవాటు కొద్దీ సిరా ప్యాడ్ ముందుకు జరిపాడు. అతను దాన్ని పక్కకు నెట్టి, కలం తీసుకున్నాడు. ఎడమచేత్తో ఒక్కో అక్షరం పేర్చుకుంటూ, నాలిక పళ్ళమధ్య పెట్టుకుని, రాయడం మొదలుపెట్టాడు. తెల్లచొక్కా గడియారం చూసుకున్నాడు. చూసుకోనీ అనుకుంది టైలరమ్మ. పదిహేడేళ్ళు ఆ గడియారం కోసమే పరిగెత్తాడు. ఇవాళ అది ఆగుతుంది.

ఆమె వంతు వచ్చింది. బల్లమీద పట్టీ ఉంది, నంబరు చీటీ అంటించి. కంపెనీ వకీలు, చక్కగా దువ్వుకున్న మనిషి, దాన్ని తీసుకుని రెండు చేతుల్తో సాగదీసి చూశాడు. ఇంకోసారి, ఈసారి గట్టిగా. "మంచి పనితనమమ్మా" అన్నాడు, నిజంగానే మెచ్చుకుంటూ.

ఇరవయ్యేళ్ళ కుట్టుబడిలో, మెచ్చుకున్నవాడి ముఖాన ఉమ్మాలనిపించడం ఆమెకు అదే మొదలు. ఉమ్మాల్సింది అతని ముఖాన కాదని కూడా తెలుస్తూనే ఉంది.

"ఇది దేనికి వాడతారో కుట్టేటప్పుడు మీకు తెలుసా?"

"తెలుసు."

"ఆ కడ్డీ ఎందుకుందో?"

"తెలుసు. అడిగి తెలుసుకున్నాను. తెలుసుకున్నాకే కుట్టాను."

పక్కన భర్త కుర్చీ కిర్రుమంది. గుమాస్తా టైపు చేస్తున్నాడు. తెల్లచొక్కా కప్పువైపు చూస్తున్నాడు, అక్కడేదో మరక ఉన్నట్టు.

"మూడో యంత్రానికి మీరు కుట్టినదీ ఇలాంటిదే కదా. వాడకంలో ఎప్పుడైనా జారడం గానీ, కుట్టు ఊడడం గానీ జరిగిందా?"

ఆమె ఆ పట్టీవైపు చూసింది. ఐదు ఎర్ర కుట్లు, ఒకదాని పక్కన ఒకటి, ఎక్కడా వంకర లేకుండా.

"లేదండీ" అంది. "నేను కుట్టింది ఊడదు. ఆ రోజు కూడా ఊడలేదు."